వాలై చేపలు – వసంతకాలపు వేట

అమెరికా సంయుక్త రాష్ట్రముల ఉత్తరపుటంచున, కెనడా దేశమును ఆనుకొని, మిన్నెసోటా అను రాష్ట్రము కలదు. ఆ పేరు అచ్చటి ఆదివాసులగు డకోటా జాతివారి మాటనుండి వచ్చినది. మబ్బువన్నె గల నీరు అనియు, ఆకాశపు రంగును నింపుకొన్న నీరు అనియు దానికి అర్థము చెప్పుదురు. పేరునకు దగినట్లు ఆ సీమ యంతయు నీటితో నిండియున్నది. పది ఎకరములకు మించిన సరస్సులే అచ్చట 11,842 ఉన్నవని లెక్కించిరి. మిసిసిపీ మహానది పుట్టుచున్నదియు ఆ రాష్ట్రమందలి ఇటాస్కా అను చిన్న సరస్సునుండియే.

మన గోదావరీ కృష్ణా మండలములు భూమధ్యరేఖకు పదునారు, పదునేడు డిగ్రీల ఉత్తరముననున్నవి. మిన్నెసోటాయన్ననో 43 డిగ్రీలు దాటి 49 డిగ్రీల వరకు వ్యాపించియున్నది. అందుచే అచ్చటి శీతకాలము మిక్కిలి తీవ్రమైనది. సంవత్సరాంతమునకు సరస్సులన్నియు గడ్డకట్టును. ఉత్తరభాగమున మంచుపలక రెండు మూడడుగుల మందమునకు పెరుగును. జనులు దానిపై నడుతురు. మోటారుబండ్లను సైతము నడపుదురు. చిన్న కొయ్యగుడిసెలను నిలిపి, మంచునకు రంధ్రముచేసి, అందుండి గాలము విడుతురు. మార్చి నెల కడపటినుండి దక్షిణమునను, ఏప్రిల్ కడపట, మే మొదటి దినములలో ఉత్తరమునను ఈ మంచు కరగి విడిపోవును. అప్పుడు నీలినీరు మరల కంటబడును. ఆ దృశ్యముకొరకు ఆ సీమవారు అయిదారు మాసములు కాచుకొనియుందురు. మంచు విడిన పిదప వారందరి నోటను వినబడు మాట ఒక్కటే – వాలై చేప.

వాలై మంచినీటి చేప. కెనడా దేశమునను, సంయుక్త రాష్ట్రముల ఉత్తరభాగమునను సరస్సులలోను నదులలోను అనాదిగా నున్నది. దీని దేహము పొడవైనది. వెన్ను ముదురు ఆకుపచ్చవన్నె, ప్రక్కలు బంగారువన్నె, పొట్ట తెలుపు. తోకరెక్క క్రింది కొనయందు తెల్లని మచ్చ యొకటి యుండును. నోటినిండ వాడిపండ్లుండును. ఇది చిన్న చేపలను వేటాడి తిని బ్రతుకు జీవి. ముండ్లు తక్కువగా, మాంసము తెల్లగా, రుచిగా నుండుటచే దీనికి గిరాకి మిక్కుటము. మిన్నెసోటా ప్రభుత్వమువారు 1965వ సంవత్సరమున దీనిని తమ రాష్ట్రపు చేపగా ప్రకటించిరి. అంతకు ఎన్నియో తరములకు పూర్వమే ఓజిబ్వే అను ఆదివాసులు దీనిని "ఓగా" అని పిలుచుచు, వసంతమున వలలతోను ఈటెలతోను పట్టి జీవనము సాగించుచుండిరి.

"వాలై" అను పేరులోని మొదటి భాగమును విని, ఇంగ్లీషు తెలిసినవారు గోడ యని భ్రమపడుదురు. అది గోడ కాదు. తెల్లబారిన, వెలవెలబోయిన కన్ను గలదానిని వర్ణించుటకు ఉత్తర యూరపు ప్రాచీనభాషలో నున్న మాటయే కాలక్రమమున ఇట్లు మారినది. నిజముగనే ఈ చేప కన్ను గాజుగోళమువలె వెలవెలబోయి కనబడును. చూచినవారు గ్రుడ్డిదేమో యని జాలిపడుదురు. కాని ఆ కంటి మహిమ చీకటిలోనే తెలియును. కనుగుడ్డు వెనుకభాగమున అద్దమువంటి పొర యొకటి కలదు. లోనికి వచ్చిన వెలుతురు దృష్టిపొరను ఒకసారి తాకి, ఆ అద్దమునుండి వెనుకకు మరలి, మరియొకసారి తాకును. ఉన్న కొద్ది వెలుతురే రెండుమారులు పనిచేయునన్నమాట. పిల్లికన్ను రాత్రివేళ దీపమునకు మెరయుటకు కారణమిదియే. వాలై కన్నును అట్లే మెరయును.

ఈ కంటినిబట్టియే వాలై నడవడి యంతయు ఏర్పడినది. పట్టపగటి యెండ దీనికి గిట్టదు. అప్పుడది లోతునకు దిగియో, రాళ్ల నీడను చేరియో విశ్రమించును. సంధ్యవేళ, తెల్లవారుజామున, మబ్బు క్రమ్మినపుడు, నీరు కలక బారినపుడు ఒడ్డువైపు వచ్చి వేటాడును. దీనికి ఇష్టమైన ఆహారము పెర్చి యను పసుపువన్నె చిన్న చేప. ఆ పెర్చికి పగటి చూపు చక్కగానున్నను, మసకవెలుతురులో కన్నానదు. వేటాడు జీవికి చూపుండి, వేటకు గురియగు జీవికి చూపు తగ్గు ఆ కొద్ది సమయమే వాలైకి భోజనకాలము. గాలము వేయువాడు మొదట తెలిసికొనవలసిన రహస్యము ఇదియే.

రెండవ రహస్యము నీటిలోనున్నది. తక్కిన పదార్థములు చల్లబడినకొలది కుంచించుకొని బరువెక్కును. నీరును అట్లే చల్లబడుచు బరువెక్కును గాని, 4 డిగ్రీల సెంటిగ్రేడు వరకే. అంతకంటె చల్లబడినచో మరల వ్యాకోచించి తేలికయగును. గడ్డకట్టినపుడు మరింత తేలికయై పైకి తేలును. ఈ ధర్మముండబట్టియే సరస్సు పైనుండి గడ్డకట్టునుగాని అడుగునుండి కట్టదు. శీతకాలమున మంచుపలక క్రింద నీరు సున్న డిగ్రీలకు దగ్గరగా నున్నను, అడుగుననున్న నీరు రమారమి 4 డిగ్రీలుండును. చేపలు అచ్చట ప్రాణములు నిలుపుకొనును.

వసంతమున మంచు కరగగానే ఎండ తగిలి పైనీరు వెచ్చబడుటకు మొదలిడును. అది 4 డిగ్రీలకు చేరునప్పటికి బరువెక్కి క్రిందికి దిగును. క్రింది నీరు పైకి వచ్చును. పైనీరును అడుగునీరును ఒకే వేడిమియందున్న ఆ దినములలో గాలి వీచెనేని సరస్సంతయు కవ్వమువేసి చిలికినట్లు కలిసిపోవును. దీనిని వసంతపు తిరుగుడు అనవచ్చును. పైనున్న ప్రాణవాయువు అడుగునకును, అడుగుననున్న ఎరువు పైకిని చేరును. సూక్ష్మజీవులు పెరుగును, వాటిని తిను చిరుచేపలు ఒడ్డు చేరును, వాటివెంట పెద్దచేపలు వచ్చును. ఇట్లు ఏడాదికంతకు కావలసిన జీవనవ్యాపారము ఆ కొద్ది దినములలో ఆరంభమగును.

వాలై చేపలు గుడ్లు పెట్టునదియు ఈ కాలముననే. మంచు విడిచిన కొలది దినములకు, నీటి వేడిమి 6 మొదలు 10 డిగ్రీల వరకు నున్నపుడు, అవి గుంపులుగా నదీముఖములను, గులకరాళ్లు పరచిన లోతులేని ఒడ్డులను చేరును. రాత్రివేళ ఆడుచేప గుడ్లు విడువగా, మగచేపలు చుట్టుచేరి వాటిని ఫలవంతములు చేయును. ఇవి గూడు కట్టవు, గుడ్లను కావవు. గుడ్లు రాళ్ల సందులలోబడి, తరగలవలన ప్రాణవాయువు పొందుచు, సుమారు రెండు మూడు వారములకు పిల్లలగును. పెద్ద ఆడుచేప ఒక్క ఋతువున లక్షకు మించి గుడ్లు పెట్టగలదు. కాని వానిలో పెరిగి పెద్దవగునవి మిక్కిలి కొద్ది. హఠాత్తుగా చలి తిరుగబెట్టినను, గాలివాన వచ్చి గుడ్లను ఒడ్డునకు విసరివేసినను ఆ యేటి సంతానము నశించును. వాతావరణము అనుకూలించిన యేట పుట్టిన పిల్లలు విస్తారముగా బ్రతికి, పిమ్మట కొన్ని సంవత్సరములు ఆ సరస్సున వేటకు ఆధారమగును.

గుడ్లు పెట్టుటకై ఒడ్డునకు వచ్చిన చేపను పట్టుట అతి సులభము. ఒకేచోట గుంపుగూడియుండును, లోతు తక్కువ, పారిపోవు తలంపు తక్కువ. కాని అట్లు పట్టిన చేప ఒక్కటి కాదు. దాని కడుపులోని సంతతి యంతయు దానితో పోవును. అందుచేతనే మిన్నెసోటాయందలి సరస్సులలో ఫిబ్రవరి కడపటినుండి మే నెల వరకు వాలై వేటను శాసనమువలన నిలిపివేసిరి. మరల వేట ఆరంభమగు దినమునుకూడ శాసనమే నిర్ణయించుచున్నది. ఆ దినము ఏటేట మే 9వ తేదికిని 15వ తేదికిని నడుమ వచ్చు శనివారము. శుక్రవారపు అర్ధరాత్రి దాటగానే వేట మొదలుపెట్టవచ్చును. లక్షలాది జనులు పడవలతో, పిల్లలతో, అన్నపుమూటలతో సరస్సుల ఒడ్డునకు చేరుదురు. 1948 మొదలు రాష్ట్రపు గవర్నరు తానును గాలముపట్టి ఆ దినోత్సవమున పాల్గొను ఆచారము వచ్చినది. ఒక్కొక్కడు ఇన్ని చేపలకు మించి ఉంచుకొనరాదనియు, పెద్దచేపలను ఇన్నింటికి మించి తీసికొనరాదనియు నియమములు కలవు. లైసెన్సు లేక పట్టువానికి దండన తప్పదు.

పంచాంగమునందలి దినము నిశ్చితమే గాని, ప్రకృతికి పంచాంగముతో పనిలేదు. ఒకయేడు మంచు మార్చిలోనే విడిపోవచ్చును. మరియొకయేడు మే నెల సగమగువరకు విడువకుండవచ్చును. 2013వ సంవత్సరమున వేట మే 11వ తేదిని ఆరంభమైనది. నాటికి మిల్‌లాక్స్ మొదలగు ఉత్తరపు సరస్సులపై ఇంకను మంచు తేలియాడుచుండెను. పడవలు దింపవలెనని వచ్చినవారు ఒడ్డున నిలిచి తెల్లని మంచును చూచి మరలవలసివచ్చెను. కావున ఋతువు మొదటి దినములలో వేటాడువాడు తేదీని చూచి మోసపోరాదు; నీటి వేడిమిని చూడవలెను. నీరు ఇంకను చల్లగానున్నచో చేపలు గుడ్లు పెట్టినచోటులకు దగ్గరగనే యుండును. గుడ్లు పెట్టి అలసిన ఆడుచేపలు కొన్ని దినములు ఎరను ముట్టవు. మగచేపలు మాత్రము నదీముఖములయందును, రెండు సరస్సులను కలుపు ఇరుకుకాలువలయందును, గులకతిన్నెల అంచులయందును తిరుగుచు ఎరను అందుకొనును. నీరు వెచ్చబడినకొలది అన్నియు క్రమముగా లోతునకు, విశాలమైన నీటిలోనికి జరుగును.

సరస్సంతయు ఒకేమారు వెచ్చబడదు. ఉత్తరపుటొడ్డుననున్న ఇరుకు అఖాతములు దక్షిణపుటెండను నేరుగా గ్రహించును. ఉత్తరపు చలిగాలి వాటికి తగులదు. అడుగున నల్లని బురదయున్నచో ఎండవేడిమిని మరింతగా పీల్చుకొనును. అట్టి తావులు తక్కిన నీటికంటె రెండు మూడు డిగ్రీలు వెచ్చగానుండును. చిరుచేపలు మొదట అచ్చటికే చేరును. మనకు రెండు డిగ్రీల తేడా లెక్కలోనిది కాకపోవచ్చును. కాని చేప రక్తము నీటి వేడిమిని అనుసరించి వెచ్చబడుచు చల్లబడుచు నుండును. కావున దానికి ఆ రెండు డిగ్రీలే ఆకలికిని మాంద్యమునకును నడుమనున్న సరిహద్దు.

ఇక గాలి సంగతి. గాలిలేక సరస్సు అద్దమువలె నిశ్చలముగానున్న దినము కంటికి ఇంపైనది గాని, వాలై వేటకు పనికిరానిది. సూర్యకిరణములు తిన్నగా అడుగుదాక దిగును. చేప లోతునకు పోవును. గాలి వీచి చిన్నచిన్న తరగలు లేచినపుడు వెలుతురు చెదరి, లోపల మసక యేర్పడును. అదియుగాక గాలి వెచ్చని పైనీటిని ముందునకు త్రోయును. ఆ నీటితో సూక్ష్మజీవులును, వాటివెంట చిరుచేపలును గాలి తగులు ఒడ్డును చేరును. తరగలు ఒడ్డునకు కొట్టుకొని బురదను కలచును. నీడయు, ఆహారమును, కలకనీరును ఒకేచోట సమకూరినపుడు వాలై రాకుండుటెట్లు? అందుచేతనే అనుభవశాలురు గాలి మరుగున నున్న హాయియైన ఒడ్డును విడిచి, గాలి తగులు ఒడ్డునే వెదకుదురు.

మే నెలలో ఆ సీమయందు వాతావరణము క్షణక్షణము మారును. దక్షిణమునుండి వెచ్చని తేమగాలియు, ఉత్తరమునుండి పొడిచలిగాలియు ఒండొంటితో తలపడు కాలమది. మూడు దినముల నడవడి చూచినచో ఆ మార్పు తేటపడును. మొదటి దినమున దక్షిణపుగాలి వీచును. ఆకాశమున మబ్బులు క్రమ్మును. భారమితిలోని పాదరసము దిగును. నీరు వెచ్చబడును, చేపలు ఆకలిగొని ఎరను చురుకుగా పట్టును. రెండవ దినమున చలిగాలి వెచ్చగాలి క్రిందికి చొచ్చుకొనివచ్చును. ఉరుములు, మెరుపులు, వాన; ఒక్కొక్కప్పుడు మే నెలలోనే మంచుకురియుటయు కలదు. గాలి వాయవ్యమునకు తిరుగును. మూడవ దినమున ఆకాశము నిర్మలమగును, ఎండ కాయును, పాదరసము పైకెక్కును. చూచువానికి ఎంతయు చక్కని దినము. కాని ఆ దినముననే చేప దొరకదు. ఒడ్డునీరు చల్లబడిపోవును, వెలుతురు లోతునకు దిగును, వాలై రాళ్లను, లోతును ఆశ్రయించి కదలక పడియుండును. చలి స్థిరపడి మరల వెచ్చబడుటకు మొదలిడినపుడుగాని దాని ఆకలి పూర్తిగా మేల్కొనదు.

చేపల ఆకలి తగ్గుటకు గాలిపీడనమే కారణమని పెక్కురు నమ్ముదురు. ఈ నమ్మకమును లెక్కవేసి పరీక్షింపవచ్చును. పెద్ద గాలివాన వచ్చి పోయినపుడు గాలిపీడనము ఇరువది ముప్పది మిల్లీబారులు మారవచ్చును. నీటిలో ఒక మీటరు లోతు దిగినచో పీడనము రమారమి నూరు మిల్లీబారులు పెరుగును. అనగా గాలివాన తెచ్చు మార్పు ఇరువది ముప్పది సెంటీమీటర్ల నీటికి సమానము. చేప మూడు మీటర్ల లోతునుండి రెండు మీటర్లకు వచ్చెనేని గాలివాన తెచ్చుదానికి మూడు మొదలు అయిదింతల వరకు మార్పు దానికి కలుగును. ఇట్టి రాకపోకలు దినమునకు ఎన్నిమారులైనను జరుగుచుండగా, భారమితియందలి స్వల్పభేదము దానినంతగా బాధించునని చెప్పుట కష్టము. పీడనముతోపాటు మారు వెలుతురు, గాలి, నీటి వేడిమి – ఇవియే తేటగా కనబడు కారణములు. భారమితి రాబోవు మార్పును ముందుగా తెలుపును; ఆ మేరకు అది వేటగానికి మిత్రమే. సూచన వేరు, కారణము వేరు. ఈ భేదమును గుర్తించుట శాస్త్రదృష్టికి మొదటి మెట్టు.

వేటకు కావలసిన పనిముట్లు కొద్దియే. సన్నని గాలపుకోల, నూలుకంటె సన్నని దారము, సీసపుగుండు తలగా గల చిన్న గాలము, దానికి గ్రుచ్చిన ఎర. వసంతారంభమున చిరుచేపయు, నీరు కొంచెము వెచ్చబడినపిదప జలగయు, వానపామును మంచి యెరలు. గాలమును అడుగుదాక దింపి, కొంచెముగా లేవనెత్తి, మరల దింపుచు మెల్లమెల్లగా నడపవలెను. చల్లని నీటిలో చేప జీర్ణశక్తి మందగించును. అది దూరము పరుగెత్తి ఎరను తరుమదు. చలిగాలి వీచిన మరునాడైనచో ఎరను ఇంకను చిన్నదిగా చేసి, ఇంకను మెల్లగా, దాని ముక్కుముందు నిలుపవలెను. ఓపికలేనివాడు పదిచోట్ల పరుగెత్తి రిక్తహస్తములతో మరలును. ఓపికగలవాడు ఒక్కచోట నిలిచి, వ్రేలికి తగులు చిన్న కదలికకై కాచుకొనును.

పట్టిన చేపనెల్ల ఉంచుకొనుట సంప్రదాయము కాదు. కడుపునిండ గుడ్లు పెట్టగల పెద్ద ఆడుచేపను నీటిలోనే విప్పి విడిచిపుచ్చుదురు. ఇందును ఒక మెలకువ కలదు. వాలై దేహమున గాలితిత్తి యున్నది. నీటిలో తేలుటకు అదియే సాధనము. కొన్ని చేపలు ఆ గాలిని నోటితో వదలగలవు, వాలై వదలజాలదు. మిక్కిలి లోతునుండి తటాలున పైకి లాగినచో ఆ తిత్తి ఉబ్బి లోపలి అవయవములను నొక్కును. అట్టి చేపను విడిచినను బ్రతుకుట అరుదు. కావున విడువదలచినవాడు లోతునీటిలో వేటాడరాదు.

చేప ప్రాణముతోపాటు మనుష్యుని ప్రాణమును తలపవలెను. మే నెల యెండ పైన వెచ్చగానుండును; పడవ క్రింది నీరు మాత్రము పది డిగ్రీలకు దాటియుండదు. అట్టి నీటిలో పడినవానికి ఊపిరి ఎగబ్రాకును; కొలది నిమిషములలోనే చేతులు కాళ్లు కొంకరపోవును. గొప్ప ఈతగాండ్రును మునిగిపోవుట కలదు. అందుచే తేలుడుకోటును ధరింపక పడవనెక్కరాదు. మబ్బు కాటుకవలె నల్లబడి ఉరుము వినబడినంతనే, చేపలు ఎంత ముమ్మరముగా పడుచున్నను, ఒడ్డు చేరవలెను. పెద్ద సరస్సులు లోతులేనివైనచో గాలికి త్వరగా అల్లకల్లోలమగును. మిల్‌లాక్స్ సరస్సు వైశాల్యము అయిదువందల చదరపు కిలోమీటర్లకు మించినను, లోతు నలువది అడుగులను కొంచెముమాత్రమే దాటును. మారు వాతావరణమును గమనించు విద్య చేపలను పట్టుటకెంత అవసరమో, ప్రాణము కాపాడుకొనుటకును అంత అవసరము.

ఇంత నేర్పు గలవారును ఒకప్పుడు లోభమునకు లొంగి సరస్సును గుల్లచేసికొనిరి. ఆ కథ వినదగినది. మిన్నెసోటా ఉత్తరభాగమున ఎఱ్ఱసరస్సు కలదు. అది ఒండొంటిని అంటియున్న రెండు సరస్సుల జంట. వైశాల్యము 1,100 చదరపు కిలోమీటర్లకు పైగానుండును. దిగువ సరస్సంతయు, ఎగువ సరస్సులో అధికభాగమును ఓజిబ్వే ఆదివాసులవి. తక్కిన తూర్పుభాగము రాష్ట్రప్రభుత్వమువారి అధీనమున నున్నది. మొదటి ప్రపంచ యుద్ధకాలమున ఆహారము కొరతపడినందున 1917వ సంవత్సరమున అచ్చట అమ్మకమునకై వలలతో పట్టుట ఆరంభమైనది. తరతరములుగా ఆ చేపలే అచ్చటి కుటుంబములకు కూడుగుడ్డలైనవి. కాని పట్టుడు పుట్టుకను మించిపోయెను. ఆదివాసులు వలలతో పట్టిరి; ఇతరులు గాలములతో పట్టిరి; దొంగచాటుగా పట్టి అమ్మినవారును కలరు. 1990 తరువాత అయిదారు సంవత్సరములు గడచునప్పటికి వలలు ఖాళీగా రాసాగెను.

అప్పుడు ఒకరినొకరు నిందించుకొనుచు కూర్చున్నచో కథ అంతటితో ముగిసెడిది. అట్లు జరుగలేదు. 1997వ సంవత్సరమున ఆదివాసులే తమ జీవనాధారమైన వలల వేటను స్వయముగా మానుకొనిరి. 1999వ సంవత్సరమున ఆదివాసుల ప్రభుత్వమును, రాష్ట్రప్రభుత్వమును, కేంద్రప్రభుత్వపు ఆదివాసీ శాఖయు ఒడంబడిక చేసికొని, సరస్సంతట వాలై వేటను నిషేధించిరి. 1999, 2001, 2003 సంవత్సరములలో కోట్లకొలది చేపపిల్లలను నీటిలో విడిచిరి. పడవలవారికి, బసలు నడపువారికి, బెస్తలకు రాబడి పోయెను. పిల్లలకు చేప రుచియే మరపునకు వచ్చెను. అయినను ఓర్చుకొనిరి. విడిచిన పిల్లలు పెరిగి పెద్దవై, తామును గుడ్లు పెట్టసాగెను. 2006వ సంవత్సరము మే నెలలో వేట మరల ఆరంభమైనది. ఈమారు ఎన్ని చేపలు పట్టవచ్చునో ఇరువైపులవారును ఏటేట లెక్కించి, ఆ లెక్కకు లోబడియుండిరి. చేపలు తాము వచ్చినవి కావు. మనుష్యులు చేయిని నిగ్రహించుకొనుటవలన వచ్చినవి.

నేడు ఆ సరస్సులకు మరియొక పరీక్ష వచ్చియున్నది. భూమి వేడెక్కుచుండుటచే మంచు విడుచు దినము మునుపటివలె నిలుకడగా నుండుట లేదు. కొన్ని సంవత్సరములలో మిక్కిలి ముందుగా విడిచిపోవుచున్నది. మంచు ఎంత ముందు విడిచినను, వాలై చేపలు తమ గుడ్లుపెట్టు కాలమును అంత ముందునకు జరుపుకొనజాలకున్నవని ఆ ప్రాంతపు సరస్సులను పరిశీలించిన శాస్త్రజ్ఞులు ఇటీవల గుర్తించిరి. పిల్లలు పుట్టునప్పటికి వాటికి ఆహారమగు సూక్ష్మజీవులు విస్తారముగా నున్న కాలము గడచిపోయినచో ఆకలిచే నశించును. గాలివానవలన కలుగు మార్పు మూడు దినములలో సర్దుకొనును. ఈ మార్పు తరములతరబడి సాగునది; సర్దుకొనుటకు ఎంత కాలము పట్టునో!

మనకును ఇట్టి ధర్మము క్రొత్తది కాదు. సముద్రమున ఇలస యని పిలువబడు చేప వరదనీటికి ఎదురీది, గుడ్లు పెట్టుటకై గోదావరిలో ప్రవేశించి, పులసయై మన వంటయిండ్ల కీర్తిగాంచినది. అదియు ఋతువును, నీటిని నమ్ముకొన్న యాత్రికురాలే. మన తూర్పుతీరమున ఏటేట ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినములు మరపడవలతో సముద్రపు వేటకు పోరాదను నియమము కలదు. ఆ రెండు మాసములు పడవలు రేవులలో కట్టబడియుండును. బెస్తల యిండ్లలో ఇబ్బందియు తప్పదు. ఆ ఇబ్బంది వృథా కాదు. అది రాబోవు ఏడాదికి నాటిన విత్తనము.

ఆకాశమును చూచి గాలిని, గాలిని చూచి నీటిని, నీటిని చూచి చేప నడవడిని ఊహించుట వేటగాని విద్య. దానికి పుస్తకముకంటె పరిశీలన ముఖ్యము. పరుగుకంటె ఓపిక ముఖ్యము. అంతకంటె గొప్ప విద్య మరియొకటి కలదు. ఎప్పుడు గాలము వేయవలెనో తెలిసికొనుటతోపాటు, ఎప్పుడు వేయరాదో తెలిసికొనుట. మొదటి విద్య నేర్చినవానికి ఒకనాటి కూర దొరకును. రెండవ విద్యను ఊరందరును నేర్చినచో, సరస్సు మనుమలకాలమునకును నిండుగనుండును.